రుజువు కాని అనుమానాన్ని ఫ్యామిలీ కోర్టు లెక్కలోకి తీసుకోవాలా?

చర్చ మొదలుపెట్టినవారు:
కస్టడీ కేసులో ఒకరు రెండోవారి మీద తీవ్రమైన ఆరోపణ చేశారు. విచారణంతా అయ్యాక జడ్జికి అనుమానం మిగిలింది గానీ రుజువు దొరకలేదు. ఆ అనుమానాన్ని ఏం చేయాలి? పక్కన పెట్టేయకూడదని నేనంటాను.

1995లో ఇంగ్లండ్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) దాకా వెళ్లిన కేసు చూడండి. తల్లితో కలిసి ఉంటున్న వ్యక్తి తనపై అత్యాచారం చేశాడని 15 ఏళ్ల అమ్మాయి చెప్పింది. క్రిమినల్ కోర్టు అతన్ని నిర్దోషి అంది. ముగ్గురు చెల్లెళ్లకైనా రక్షణ కావాలని అధికారులు అడిగారు. అమ్మాయి చెప్పింది నిజమయ్యే అవకాశం ఉందని జడ్జికి అనిపించినా, రుజువు చాలదని కొట్టేశారు. పై కోర్టు 3-2తో దాన్నే ఖాయం చేసింది. ఆ ముగ్గురు పిల్లలూ ఆ ఇంట్లోనే కదండీ!

జవాబు (ఇలాంటి కేసులు వాదించే లాయరుని):
మీ బాధ అర్థమైంది. కానీ కోర్టు రెండు మెట్లు ఎక్కుతుంది, అవి కలిపేయకండి. జరిగిందా లేదా అన్నది మొదటిది. ఇక్కడ జరగకపోవడం కన్నా జరిగి ఉండటమే ఎక్కువ నమ్మదగ్గదిగా కనిపించాలి. ఇకముందు హాని జరుగుతుందా అన్నది రెండోది. దీనికి అంత కూడా అక్కర్లేదు, కొట్టిపారేయలేని అవకాశం ఉంటే చాలని అదే 1995 తీర్పు చెప్పింది. కాకపోతే ఆ అంచనా రుజువైన విషయాల మీద నిలబడాలి. 2008లో మళ్లీ అదే కోర్టు, విషయం జరిగినట్టో జరగనట్టో తేలాలి, మధ్యస్థం లేదంది. అనుమానమే చాలంటే, నింద పడ్డ మనిషి బయటపడే దారేది? తల్లినో తండ్రినో పోగొట్టుకోవడం బిడ్డకు హాని కాదా? ఆ బంధాన్ని శాశ్వతంగా తెంచాలంటే స్పష్టమైన, బలంగా నమ్మించే సాక్ష్యం ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1982లో చెప్పింది.

జవాబు (పిల్లల కౌన్సెలర్‌ని):
లాయరుగారూ, నాలుగేళ్ల పిల్ల తేదీ, టైము చెప్పదు. అమ్మ, అమ్మమ్మ, టీచరు, పోలీసు అందరూ అడిగాక ఆ మాటలో ఏది పిల్లది, ఏది పెద్దలదో విడదీయడం కష్టం. సాక్ష్యం బలహీనంగా ఉందంటే ఏమీ జరగలేదని కాదు. భారత్‌లో 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్ చూడండి: ఆరోపణ ఉన్న వ్యక్తి కలవడం వల్ల బిడ్డకు హాని కలగవచ్చని మేజిస్ట్రేట్ అనుకుంటే ఆ కలయికకు ఒప్పుకోకూడదు. ఎవరినో శిక్షించడానికి కాదు, బిడ్డ కోసం.

జవాబు (ఒక తండ్రిని):
నా మీద ఆరోపణ చివరికి నిలబడలేదు. తేలేదాకా పద్నాలుగు నెలలు వారానికి గంట, పర్యవేక్షణకు ఒకావిడ పక్కన కూర్చుని ఉండగా పాపను చూశాను. తను వేసిన బొమ్మ నాకు చూపించే ముందు ఆవిడ వైపు తిరిగి "చూపించొచ్చా?" అని అడిగేది. జాగ్రత్త వద్దని నేను అనను. పాపను ఎలా అడగాలో తెలిసినవాళ్లు ఒక్కసారి సరిగ్గా అడిగి ఉంటే రెండు నెలల్లో తేలేది.

చర్చ మొదలుపెట్టినవారు:
అన్నా, మీరు రాసింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. విచారణ పూర్తయ్యేదాకా అనుమానానికి విలువ ఉండాలి. ఇంగ్లండ్ చట్టంలోనూ మధ్యంతర ఉత్తర్వుకు నమ్మడానికి తగిన కారణాలు ఉంటే చాలు. కానీ అది నెలల తరబడి సాగకూడదు. తుది తీర్పు సంగతిలో మాత్రం 1995లో విభేదించిన ఇద్దరు జడ్జీల వైపే ఉంటాను. ప్రధాన ఆరోపణ తేలకపోయినా, చిన్న చిన్న ఆధారాలన్నీ కలిపి చూస్తే ప్రమాదం కనిపించవచ్చు.

జవాబు (లాయరుని):
ఆ చిన్న ఆధారాలు ఒక్కొక్కటీ రుజువైతే నాకూ అభ్యంతరం లేదు. రాత్రి తాగి వచ్చి తలుపులు బాదడం రుజువైతే, దాన్ని లెక్కలోకి తీసుకోమని నేనే అడుగుతాను. ఎవరో అన్నారట అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను.