ఎస్, ఎన్‌తో మొదలయ్యే ఇంగ్లిష్ మాటలన్నీ ముక్కు చుట్టూనే ఎందుకు తిరుగుతున్నాయి?

ప్రశ్న: తెనాలి ట్యూషన్ అక్క

సాయంత్రం ఆరింటికి మా ఇంటికి ఎనిమిది మంది పిల్లలు ట్యూషన్‌కి వస్తారు. అందరూ ఆరు, ఏడు తరగతుల వాళ్లే. ఈ వారం ఎస్, ఎన్ అక్షరాలతో మొదలయ్యే మాటలకి అర్థాలు రాయమని వర్క్‌షీట్ తెచ్చుకున్నారు. స్నీజ్ అంటే తుమ్ము, స్నోర్ అంటే గురక. అక్కడిదాకా బాగానే నడిచింది. స్నిఫ్, స్నార్ట్, స్నివెల్ దగ్గరికొచ్చేసరికి గైడులో అన్నిటికీ ఇంచుమించు ఒకటే అర్థం, ‘ముక్కుతో శబ్దము చేయుట’. ఇక పిల్లలకి తేడా ఏం చెప్పను?

ఇంతలో ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి, "టీచర్, ఇవన్నీ ముక్కు మాటలే కదా, మరి స్నేక్‌కి ముక్కేది?" అంది. మిగతావాళ్లు పడీపడీ నవ్వారు. నేను మాత్రం ఇరుక్కుపోయాను. దీనికి నిజంగా కారణం ఉందా, లేక ఏదో అలా కుదిరిందా? అర్థాలు కూడా మనం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెబితే పుణ్యం ఉంటుంది.

జవాబు: గ్రూప్స్ కుర్రాడు

కారణాలు పరీక్షలో అడగరు అక్కా. రోజుకి పది మాటలు బట్టీ కొట్టించండి, అయిపోతుంది. నేనూ అలాగే లాగిస్తున్నా.

జవాబు: రిటైర్డ్ ఇంగ్లిష్ మాస్టారు

బట్టీ కొట్టిన పదిట్లో పదకొండో రోజుకి ఎన్ని మిగిలాయో తమ్ముడు చెప్పలేదు. సరే, అమ్మా, ముందు మీ అర్థాల సంగతి చూద్దాం.

నేను పాఠం చెప్పిన బడి పక్కనే గేదెల కొట్టం ఉండేది. స్నార్ట్ వచ్చినప్పుడు పుస్తకం మూసేసి పిల్లల్ని కిటికీ దగ్గరికి పిలిచేవాణ్ణి. గేదె కుడితితొట్టిలో మూతి పెట్టి, ముక్కులో నీళ్లు పోగానే తల ఎత్తి ‘బుర్ర్’మని ఒక్కసారిగా గాలి వదులుతుంది చూడండి, అదీ స్నార్ట్. గాలి బయటికి గట్టిగా పోవాలి. స్నిఫ్‌లో గాలి లోపలికి పోతుంది. వీధి గుమ్మంలో ఉండగానే ముక్కు ఎగబీల్చి "పప్పు మాడినట్టుందే" అంటాం కదా, అది స్నిఫ్. బలపం పోయిందని చీమిడి ఎగబీలుస్తూ సన్నగా రాగం తీసే ఏడుపు స్నివెల్. స్నీర్‌లో శబ్దం ఉండక్కర్లేదు. పెళ్లిభోజనంలో కూర రుచి చూసి వియ్యపురాలు పైపెదవి ఓ పక్కకి లేపి ముక్కు చిట్లిస్తుందే, ఆ వెటకారం. స్నౌట్ అంటే పంది ముట్టె. స్నఫ్‌కి మన మాటలోనే ముక్కు ఉంది, ముక్కుపొడుం. స్నాట్ అంటే చీమిడి. ఇది వర్క్‌షీట్‌లో ఉండదు గానీ, ఒక్కసారి చెప్పారంటే చచ్చినా మరవరు.

ఇక కారణం. జె.ఆర్. ఫర్త్ అనే ఇంగ్లిష్ భాషావేత్త 1930లోనే దీన్ని పట్టుకున్నాడు. కొన్ని అక్షరాల జత ఎక్కడ కనబడ్డా ఒకే రకం భావం తోస్తుంటే దానికి ‘ఫోనెస్థీమ్’ అని పేరు పెట్టాడు. జి, ఎల్ చూడండి. గ్లిటర్ తళతళ, గ్లిమర్ మినుకుమినుకు, గ్లేర్ కళ్లు చెదిరే వెలుగు. అలాగని ఇదేమీ సూత్రం కాదు, గ్లవ్‌లో ఏ వెలుగూ లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది స్నీజ్ కథ. పాత ఇంగ్లిష్‌లో తుమ్ముకి ఎస్ లేదు, ఎఫ్, ఎన్‌తో మొదలయ్యేది. అలా మొదలయ్యే మాటలు క్రమంగా భాషలోంచి జారిపోయాయి. పైగా ఆ రోజుల్లో ఎస్‌ని పొడుగ్గా, అచ్చం ఎఫ్‌లా రాసేవారు. దాంతో చదవడంలోనూ పొరబడ్డారంటారు. మొత్తానికి ఆ తుమ్ము వచ్చి ముక్కు మాటల గుంపులో చేరింది. ఎవరి వాళ్ల దగ్గరికి వాళ్లు చేరినట్టు!

మీ గడుసు పిల్లకి చెప్పండి, స్నేక్‌ది వేరే ఇంటిపేరు. స్నేక్, స్నెయిల్ పాకడం మీంచి వచ్చాయి. పాముకి ముక్కుందా లేదా అన్నది సైన్స్ టీచర్ చూసుకుంటారు.

జవాబు: స్టుట్‌గార్ట్ నుంచి

మాస్టారూ, ఇక్కడ జర్మన్‌లోనూ ఇదే గోల, కాకపోతే ‘ష్న’. జంతువు మూతిని ష్నౌట్సె అంటారు. మీసాల కుక్క ష్నౌట్సర్‌కి ఆ పేరు దాన్నుంచే. స్నార్కెల్ కూడా ఇక్కడి మాటే. ఈతకొట్టేవాళ్లు నోట్లో పెట్టుకునే గొట్టం కంటే ముందు, జలాంతర్గామి నీళ్లలో ఉండగానే డీజిల్ ఇంజన్‌కి గాలి అందించే గొట్టం పేరది. గురక అనే మాటకి చుట్టం.

స్నూప్ మాత్రం డచ్ వాళ్లది. అక్కడ దొంగచాటుగా మిఠాయి తినడమని అర్థం. అమెరికా చేరాక పక్కవాళ్ల గుట్టు కోసం కూపీ లాగడమైంది. మా అమ్మమ్మ అరిసెల డబ్బా అటక మీద దాచేది. నేను చేసిందేమిటో ముప్పై ఏళ్లకి తెలిసింది, అసలు సిసలు డచ్ స్నూపింగ్.

తెనాలి ట్యూషన్ అక్క

మాస్టారూ, నమస్కారం. నిన్న నేను గేదెలా ‘బుర్ర్’మని చేసి చూపించాను. తర్వాత ఎనిమిది మందీ చేశారు. పక్కింటావిడ ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. ఈ రోజు అడిగితే స్నార్ట్, స్నిఫ్ ఒక్కరూ తప్పు చెప్పలేదు. ఒకడు స్నివెల్‌కి ఏకంగా తన చెల్లెలి పేరు రాశాడు.

స్నేక్‌ది వేరే ఇంటిపేరని చెప్పగానే ఆ పిల్ల ఒప్పుకుంది. హమ్మయ్య అనుకునేలోపు "స్నానం కూడా ఎస్, ఎన్నే కదా టీచర్?" అంది. అది సంస్కృతం మాటమ్మా, దానికీ ముక్కుకీ సంబంధం లేదన్నాను.

"మరి కృష్ణలో మునిగేటప్పుడు ముక్కు మూసుకుంటాం కదా?"

దీనికి మాత్రం మీరే చెప్పాలి మాస్టారూ.