బీజీవీ (బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే అభ్యర్థి ఇచ్చిన వివరాల తనిఖీ) రెడ్ వస్తే ఆఫర్ రద్దు చేసే ముందు అభ్యర్థికి రిపోర్టు చూపించాలా?

బురుజుకాడ (కర్నూలు): ఆఫర్ ఇచ్చినాక, మనిషి పాత ఉద్యోగానికి రాజీనామా పెట్టినాక తనిఖీ ఏజెన్సీ రెడ్ (ఏదో తేడా ఉంది) అని పంపితే ఏం చేయాలి? నేరుగా రద్దా, చూపించి గడువివ్వాలా?

ఏడురోడ్లు (కడప): చూపించాల్సిన పనిలేదు. ‘వెరిఫికేషన్‌కు లోబడి’ అని ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది. ఒక లైను మెయిల్ చాలు. రిపోర్టు చేతికిస్తే రేపు లాయర్ నోటీసు వస్తుంది.

క్లాక్‌టవర్ (అనంతపురం): ముందు ఆ రెడ్ దేనికో చదవండప్పా. ఎక్కువ గొడవ పీఎఫ్ దగ్గరే. పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ ఎక్కించకపోతే యూఏఎన్‌లో (ఉద్యోగి పీఎఫ్ నంబరు) రెండు ఉద్యోగాలు నడుస్తున్నట్టే కనిపిస్తుంది. పాస్‌బుక్ తెరిచి చందా పడిన నెలలు చూడాల. ఒక్క నెలే రెండుచోట్లా పడిందా? పదో తేదీ రిలీవై పన్నెండున చేరినా అట్లే పడుతుంది, అది తప్పు కాదు. వరసగా ఆరు నెలలు పడితే అప్పుడు అడగాల. ఎగ్జిట్ ఖాళీగా ఉంటే, చివరి చందా పడిన రెండు నెలలకు ఉద్యోగే పోర్టల్‌లో పెట్టుకోవచ్చు.
డిగ్రీదీ అంతే. 2008కి ముందు అనంతపురంలో ఇంజనీరింగ్ ముగించినోళ్ల పట్టా పాత జేఎన్‌టీయూది. ఏజెన్సీ 2008లో విడిపోయి ఏర్పడిన జేఎన్‌టీయూఏకి (అనంతపురం జేఎన్‌టీయూ) రాసి ‘రికార్డు లేదు’ అని తెచ్చుకుంటే అభ్యర్థి దొంగ అయిపోడు.

పెన్నానీళ్లు: 2022లో జిల్లాలు మారినాక అడ్రసులూ ఇదే పాట. ఆధార్‌లో కర్నూలు, రేషన్ కార్డులో నంద్యాల. రిపోర్టులో ‘తేడా ఉంది’.

క్లాక్‌టవర్: అమెరికాలో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం కింద ముందు రిపోర్టు కాపీ, హక్కుల పత్రం ఇస్తారు. కొన్నాళ్లు ఆగి, తర్వాతే తిరస్కరణ నోటీసు. ఎన్నాళ్లో చట్టంలో లేదు, అయిదు పనిదినాలు ఆనవాయితీ.

ఏడురోడ్లు: వాళ్ల చట్టంలోనే లేని అయిదు రోజులు నేను కడపలో పాటించాలా? బాగుంది సామీ.

క్లాక్‌టవర్: అయిదు రోజుల్నే పట్టుకుని వేలాడతావేందప్పా! మన 2023 డేటా రక్షణ చట్టంలోనూ తన వివరాలు చూసుకునే హక్కు, సవరణ కోరే హక్కు ఉన్నాయి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చినాయి, అమలు దశలవారీగా. అప్పటిదాకా తప్పుడు రిపోర్టు మీద మనుషుల్ని పంపిస్తూ ఉంటావా?

ఏడురోడ్లు: పీఎఫ్, డిగ్రీ నాకూ తెలుసు, వాటికి నేనూ ఫోన్ చేసి అడుగుతా. కేసులున్నోళ్ల సంగతి చెప్పు. కొన్ని మండలాల పేరు చూస్తేనే మా పైవాళ్లు వద్దంటారు. క్యాష్ కౌంటర్‌లో కూర్చోబెట్టినాక ఏదైనా జరిగితే సమాధానం చెప్పేది నువ్వా?

బురుజుకాడ: అంటే రిపోర్టు దాచేది లాయర్ భయంతో కాదు. ఊరు చూసి వద్దన్నామని రాయలేక.

ఏడురోడ్లు: ఏమన్నా అనుకో. రిస్కు నాది.

క్లాక్‌టవర్: ఊరిగొడవ ఎఫ్ఐఆర్‌లో ఇంటిల్లిపాదినీ రాయించేది సీమలో అందరికీ తెలిసిందే. ఎఫ్ఐఆర్ శిక్ష కాదు. ఈ-కోర్ట్స్‌లో (కోర్టు కేసుల వెబ్‌సైటు) పేరు కొడితే అదే పేరున్నోళ్లు పదిమంది వస్తారు, పుట్టినతేదీ కనపడదు. ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఏజెన్సీ నుంచి తెప్పించు. తండ్రి పేరు, ఊరు సరిపోయినాయా? కేసు ఎఫ్ఐఆర్ దగ్గరుందా, చార్జిషీటు పడిందా, కొట్టేసినారా, లోక్ అదాలత్‌లో రాజీ అయిందా? డబ్బు కాజేసిన కేసు, క్యాష్ ఉద్యోగం అయితే వద్దను, కారణం రాసి వద్దను. పొలంగట్టు తగాదా అయితే ఏం సంబంధం? ఫారంలో ‘కేసులు లేవు’ అని రాసి దాచినాడంటే అది వేరే తప్పు, దాన్ని వేరుగా అడుగు.

పెన్నానీళ్లు: లెటర్‌లో ఏముండాల?

క్లాక్‌టవర్: ఏ అంశంలో తేడా, రిపోర్టులో ఏముంది, ఏ కాగితం తెస్తే తీరుతుంది, ఎవరికి, ఏ తేదీలోగా. చేరే తేదీ అంతవరకు వాయిదా అని కూడా రాయండి. ఆ సీటులోకి ఈలోగా ఇంకొకరిని తీసుకోకండి, లేకుంటే లెటరంతా నాటకమే.

ఏడురోడ్లు: అయిదు రోజులు సీటు ఖాళీగా పెడితే బ్రాంచి మేనేజరు నన్ను తింటాడు.

బురుజుకాడ: రాజీనామా పెట్టకముందే చెక్ చేయిస్తే ఏ సీటూ ఖాళీగా ఉండదు కదన్నా. డిగ్రీ, కోర్టు రెండూ ఆఫర్‌కు ముందే అడగొచ్చు, పాత కంపెనీ ఒక్కటే తర్వాతకి మిగులుతుంది.

ఏడురోడ్లు: ఆఫర్ రానోళ్లందరికీ చెక్ ఖర్చు ఎవరిస్తారు?