ఏటవాలు గీత ఇస్తే ప్రతిబింబం తప్పు పెడుతున్నారు, ఎలా చెప్పాలి?

మధురవాడ లెక్కల టీచర్
నమస్తే అండీ. ఏడు, ఎనిమిది తరగతులకి సౌష్ఠవం చెప్తున్నాను. కాగితం మడిచి బొమ్మలు కత్తిరించడం, అద్దం పెట్టి చూడటం ఇవన్నీ పిల్లలు ఇష్టంగా చేస్తున్నారు, గీత నిలువుగానో అడ్డంగానో ఉన్నంతసేపు ప్రతిబింబం కూడా టకటకా గీసేస్తున్నారు. గీత ఏటవాలుగా ఉంటే మాత్రం అంతా గాడి తప్పుతోంది. గ్రాఫ్ పేపర్ మీద (0,0), (1,1), (2,2) మీదుగా పోయే గీత గీయించి (6,2)కి ప్రతిబింబం పెట్టమంటే చాలామంది (-2,2) దగ్గర పెట్టారు. గీతదాకా అడ్డంగా నాలుగు గళ్లు, అవతల ఇంకో నాలుగు, అదీ వాళ్ల లెక్క. రావాల్సింది (2,6). అంకెలు అటుదిటు మార్చేయండి అని బట్టీ పట్టించడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.
ఇంకోటి, సమాంతర చతుర్భుజానికి కర్ణం సౌష్ఠవాక్షమేనని, అంటే దాని వెంట మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయని గట్టిగా వాదిస్తారు. "రెండు ముక్కలూ సమానమే కదా టీచర్" అంటారు. మీరంతా ఎలా చెప్తారు?

గాజువాక మాస్టారు (రిటైర్డ్)
అమ్మా, మడత పెట్టించడం దగ్గరే ఆగిపోతే వచ్చే చిక్కు ఇది. మడత జవాబు చూపిస్తుంది కానీ ఆ జవాబు అక్కడే ఎందుకు వచ్చిందో చూపించదు. తెల్లకాగితం మీద ఏదో ఒక వాలులో గీత గీయించండి, గీతకి ఒక పక్క ఎగుడుదిగుడు త్రిభుజం వేయించండి, గీత వెంట మడిపించి మూడు శీర్షాల దగ్గర కంపాస్ ముల్లుతో గుచ్చమనండి. కాగితం విప్పాక అవతల మూడు చిల్లులు కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది త్రిభుజం కలిపేసి అయిపోయిందనుకుంటారు, అసలు పాఠం ఇప్పుడే మొదలు. ప్రతి శీర్షాన్నీ దాని చిల్లుతో స్కేలు పెట్టి కలపమనండి. మూడు గీతలు వస్తాయి, మూడూ సమాంతరంగా ఉంటాయి. అవి మడతను ఏ కోణంలో కోస్తున్నాయో కోణమానినితో, మడత నుంచి అటూ ఇటూ ఎంత దూరమో స్కేలుతో వాళ్లచేతే కొలిపించండి. లంబం, సమదూరం అనే రెండు మాటలూ పిల్లల నోటే రావాలి, మనం ముందుగా అనకూడదు. ఆ తర్వాత మీ (-2,2) బోర్డు మీద పెట్టి (6,2)తో కలిపి, ఇది గీతను లంబంగా కోస్తోందా అని అడగండి చాలు.

ఎంవీపీ కాలనీ ట్యూషన్
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి ముందు నేను ఒకటి చేయిస్తాను, నోటుబుక్కునే తిప్పేయమంటాను, ఏటవాలు గీత నిలువుగా కనిపించేదాకా. అప్పుడు చాలామంది పిల్లలు సరిగ్గానే పెడతారు. పాత సీడీ డబ్బా మూత దొరికితే ఇంకా మంచిది, పారదర్శకంగా ఉంటుంది కాబట్టి గీత మీద నిలబెట్టి ఇవతల నుంచి చూస్తే ప్రతిబింబం అవతలి కాగితం మీద పడినట్టు కనిపిస్తుంది, పెన్సిల్‌తో దాని మీదే గీసేయొచ్చు. మామూలు అద్దంతో ఆ వీలు లేదు, వెనకాల ఏముందో కనపడదు.

గాజువాక మాస్టారు (రిటైర్డ్)
పుస్తకం తిప్పడం తప్పు కాదు బాబూ, కాగితం ఎలా తిప్పినా గీతకీ బిందువుకీ మధ్య సంబంధం మారదని దానివల్లే తెలుస్తుంది. కాకపోతే 45 డిగ్రీల గీతతోనే ఆపొద్దు, అక్కడ గళ్ల మూలల వెంట లెక్కపెట్టి గట్టెక్కేస్తారు. (0,0), (1,2), (2,4) మీదుగా పోయే గీత ఇచ్చి (5,0)కి ప్రతిబింబం అడగండి. అడ్డంగా లెక్కపెట్టేవాడు (-5,0) అంటాడు, అంకెలు మార్చేవాడు (0,5) అంటాడు, రెండూ తప్పే. (5,0) నుంచి ఎడమకి నాలుగు, పైకి రెండు వెళ్తే (1,2) దగ్గర గీతకి లంబంగా తగులుతుంది, మళ్లీ అంతే వెళ్తే (-3,4). మూలమట్టం పెట్టి సరిచూసుకోమనండి.

పెందుర్తి నుంచి ఒక అమ్మ
నేను టీచర్ని కాదండీ, మా పాప ఏడో తరగతి. కర్ణం గొడవ మా ఇంట్లోనూ అయింది. సమాంతర చతుర్భుజాన్ని కర్ణం వెంట కత్తిరించి ఇచ్చాను. ఒక ముక్కను బల్ల మీద నుంచి లేపకుండా సగం చుట్టు తిప్పితే రెండోదాని మీద సరిగ్గా కూర్చుంది. తిరగేయాల్సిన పనే రాలేదు. మడత అంటే తిరగేయడమే కదా, ఆ తేడా దానికి అక్కడ పట్టుబడింది. తర్వాత సంక్రాంతికి వేసిన మెలికల ముగ్గు ఫోటో తీసి అద్దం పక్కన పెట్టి చూపించాను, మెలికలన్నీ అటువైపు తిరిగిపోయాయి. చుట్టూ తిప్పితే కలిసే ముగ్గు, అద్దంలో మాత్రం కలవలేదు. స్వస్తిక్ కూడా అంతేనని తనే చెప్పింది.

ఎంవీపీ కాలనీ ట్యూషన్
భలే చెప్పారండీ. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఎన్, ఎస్, జెడ్ కూడా ఇలాంటివే, సగం చుట్టు తిప్పితే అలాగే ఉంటాయి, అద్దంలో మారిపోతాయి. కేజీహెచ్ ఆసుపత్రి వైపు వెళ్లే అంబులెన్సుల మీద తిరగేసి రాసిన పేరు పిల్లలకి అలవాటే, అందులో ఏ అక్షరాలు మారలేదో వెతకమనండి. ఏ, ఎం, యూ దొరుకుతాయి.

మధురవాడ లెక్కల టీచర్
అందరికీ చాలా థ్యాంక్స్. రేపే చిల్లుల పని పెడుతున్నాను. మాస్టారూ, ఒక సందేహం, త్రిభుజాన్ని గీత కోసుకుంటూ పోతే ఏం చేయించాలి? అక్కడ మావాళ్లు ఒక పక్క భాగాన్నే తీసుకుని మిగతాది వదిలేస్తున్నారు.

గాజువాక మాస్టారు (రిటైర్డ్)
బొమ్మను పక్కన పెట్టి శీర్షాలను ఒక్కొక్కటిగా తీసుకోమనండి అమ్మా. ఎడమ పక్కది కుడికి పోతుంది, కుడి పక్కది ఎడమకి వస్తుంది, గీత మీదున్నది అక్కడే ఉంటుంది. శీర్షాలకి ఏ, బీ, సీ అని పేర్లు రాయించడం మాత్రం మరవొద్దు, అసలు త్రిభుజంలో ఆ పేర్లు గడియారం ముల్లు తిరిగే వైపు ఉంటే ప్రతిబింబంలో ఎదురు తిరుగుతాయి. అలా తిరగలేదంటే ఎక్కడో శీర్షం తప్పు పడినట్టే, పిల్లలే పట్టుకుని దిద్దుకోగలరు.