పూల్ టేబుల్ దగ్గర వీళ్లు మాట్లాడేది ఏమిటి?

తిరుపతి కుర్రోడు: అన్నా, ఫ్రెండ్స్ పూల్ ఆడటానికి లాక్కెళ్తున్నారు, సాలిడ్స్, స్క్రాచ్ అంటుంటే తల ఊపడం తప్ప ఏమీ అర్థం కావట్లేదు. స్నూకర్ కూడా ఇదేనా?

చాక్‌పీస్: తెల్లది క్యూ బాల్, కర్రతో కొట్టేది దాన్నొక్కదాన్నే. 1 నుంచి 7 దాకా నిండు రంగువి సాలిడ్స్, 9 నుంచి 15 దాకా చారలవి స్ట్రైప్స్, నీ గుంపంతా పాకెట్లో, అంటే టేబుల్ అంచున ఉండే బొక్కల్లో, పడ్డాకే నల్ల 8 జోలికి పోవాల, ముందే పడిందా, గేమ్ గోవిందా!

మదనపల్లె బ్యాచ్: బ్రేక్‌లో, అంటే మొదటి దెబ్బకే, 8 పడితే ఓడినట్టు కాదు బ్రో. తెల్లది పాకెట్లో పడితే స్క్రాచ్, అవతలోడు దాన్ని చేత్తో తీసి నచ్చినచోట పెట్టుకుంటాడు. కొట్టేముందు క్యూ, అంటే కర్ర, కొనకు చాక్ రుద్దు, లేకుంటే జారుద్ది.

చిత్తూరోడు: స్నూకర్ వేరేబ్బా. టేబుల్ పెద్దది, ఎర్ర బంతులే 15. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ ఆర్మీవాళ్లు మొదలెట్టింది.