పైలోప్లాస్టీ: కింది మూల దగ్గర కుట్టు కారుతూనే ఉంది, సాయం చేయండి

యూరో పీజీ:
సాయంత్రం నుంచి ఇదే పని: కిడ్నీ నుంచి మూత్రం దిగే చోట ఇరుకు భాగాన్ని కోసేసి మూత్రనాళాన్ని తిరిగి కలపడం. కుట్లన్నీ అయ్యాక నీళ్లు ఎక్కించి చూస్తే కింది మూలలో కారుతోంది. విప్పి ఇంకాస్త బిగించి వేస్తే కారడం తగ్గింది, కానీ ఇప్పుడు స్టెంట్ (నాళం లోపల పెట్టే సన్నని గొట్టం) దిగడం లేదు. పుస్తకంలో చెప్పినట్టే చేస్తున్నాను. మూత్రనాళాన్ని నిలువుగా చీల్చి, చీలిక కొసలో మొదటి కుట్టు, తర్వాత వెనుక గోడ, చివర ముందు గోడ. తేడా ఎక్కడ వస్తోందో అంతుపట్టక పిచ్చెక్కుతోంది. ఎవరైనా చెప్పండి.

ఓపెన్ సర్జన్:
ఏ దారం, ఏ సైజు? ఓపెనా, లాప్రోస్కోపీయా? ఏ వైపు కిడ్నీ? పేషెంటుకు వయసెంత? ఇవేమీ లేకుండా ఏం చెప్పగలం?

పిల్లల యూరాలజీ:
స్టెంట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ప్రతి పైలోప్లాస్టీకీ కళ్లు మూసుకుని డీజే స్టెంట్ (రెండు కొసలూ వంపు తిరిగి పూర్తిగా లోపలే ఉండేది) వేసే అలవాటు మానాలి. పిల్లల్లో అది తీయడానికి మళ్లీ మత్తు ఇవ్వాలి. నాలుగు నుంచి ఆరు వారాల పాటు లోపల ఉంటే మంట, మాటిమాటికీ మూత్రం, ఇన్‌ఫెక్షన్. కొసను బయటకు తెచ్చే స్టెంట్ వేస్తే రెండో మత్తు తప్పుతుంది. కేసు బాగా ఎంచుకుంటే అసలు స్టెంట్ లేకుండానే చేసేవాళ్లు ఉన్నారు. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఒక్కరూ చెప్పరు. నాకు బాధ కలిగించేది అదే.

నీడిల్ హోల్డర్:
ముందు కుట్టులో వెనుక గోడను కూడా పట్టేశారు. విప్పి లోపలికి చూడండి.

యూరో పీజీ:
పేషెంట్ కాదు సార్. ట్రైనింగ్ బాక్సులో, లాప్రోస్కోపీ పరికరాలతో. కోడి మెడ కింద మేత నిలిచే సంచిని కిడ్నీ పెల్విస్‌గా (కిడ్నీలో మూత్రం చేరే గరాటు లాంటి భాగం), అన్నవాహికను మూత్రనాళంగా పెట్టుకున్నాను. దారం 4-0 విక్రిల్ (ఒంట్లో కరిగిపోయే రకం), వరస కుట్టు.

ఓపెన్ సర్జన్:
ఆ ముక్క మొదటే చెప్పాల్సింది. టేబుల్ మీద పేషెంట్ ఉన్నాడేమోనని టెన్షన్ పడ్డాం. ముందు 4-0 పక్కన పెట్టి అంతకంటే సన్నని 5-0 తీసుకోండి. ఆ సంచి గోడ పల్చన, దానికి ఆ సూది మోటు. ప్రాణమున్న కణజాలంలా సూది రంధ్రాలు వాటంతటవి మూసుకోవు, కాబట్టి చెమ్మగా ఊరడాన్ని లీక్ అనుకోకండి. ధారగా వస్తేనే లెక్క.

ఇక వరస కుట్టు ఎందుకు? విడి కుట్లు వేయండి. ఆండర్సన్, హైన్స్ అనే సర్జన్లు 1949లో ఈ పద్ధతిని వివరించినప్పటి నుంచి సూత్రం ఒకటే: బిగువు ఉండకూడదు, కారకూడదు, గరాటులా కిందికి దిగాలి. వరస కుట్టు లాగితే సంచి మూతి తాడు బిగించినట్టు ముడుచుకుంటుంది. మీ స్టెంట్ దిగకపోవడానికి కారణం అదే.

లాప్ యూరో:
ఒప్పుకోను సార్. లాప్రోస్కోపీలో అన్నీ విడి కుట్లంటే ముళ్లు వేయడానికే సమయమంతా పోతుంది. ఈ ఆపరేషన్ లాప్రోస్కోపీలో మొదలైన 1993 నాటి నుంచి వరస కుట్టుతో మంచి ఫలితాలు తెచ్చుకుంటున్నవాళ్లు ఎందరో. ముడుచుకునేది లాగేవాడి చేతి వల్ల, పద్ధతి వల్ల కాదు.

ఓపెన్ సర్జన్:
మీరు చెప్పే వరస కుట్టు ప్రతిసారీ మెలిక వేసేదా, మామూలుదా? మెలిక వేసేదైతే అంచుకు రక్తం అందదు.

లాప్ యూరో:
మామూలుదే. మెలిక వేయమని ఎవరన్నారు?

ఓపెన్ సర్జన్:
చాలామంది రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు. అందుకే అడిగాను.

థియేటర్ సిస్టర్:
దారం ఎంత పొడవు కోసి ఇస్తున్నారు డాక్టర్ గారూ? ప్యాకెట్‌లోది మొత్తం లోపలికి పంపితే చుట్టలు పడి, వేసిన కుట్టు వదులవుతుంది. మా సర్జన్లకు 12 నుంచి 15 సెంటీమీటర్లు కోసి ఇస్తాం. ఒకటి రంగుదీ ఒకటి తెల్లదీ ఇస్తే వెనుకది ఏదో, ముందుది ఏదో తెరమీద తెలిసిపోతుంది.

లాప్ యూరో:
సిస్టర్ చెప్పింది బంగారం లాంటి మాట. ఇప్పుడు పీజీ గారి సమస్య. చీలిక ఏ వైపు చేస్తున్నారు? బయటి వైపే చేయాలి. పై మూత్రనాళానికి రక్తం లోపలి వైపు నుంచి వస్తుంది. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు, గోడ ఆరోగ్యంగా ఉన్న చోటు దాకా. నాళాన్ని పూర్తిగా తెంపేశాక చీలిస్తే అది మెలి తిరుగుతుంది. తెంపే ముందే చీల్చండి, లేదా పైన పెల్విస్ ముక్క కొంచెం ఉంచి పిడిలా పట్టుకోండి. అంచును మాత్రం గ్రాస్పర్‌తో (పట్టుకునే పరికరంతో) నలపొద్దు.

చీలిక కొసలో ఒకే కుట్టుతో సరిపెట్టకండి. దానికి అటొకటి ఇటొకటి దగ్గరగా వేయండి. సూది నాళంలో లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎదుటి గోడను గుచ్చకుండా చీలికను కాస్త విప్పి చూడండి. బయటి పొర ఎక్కువ, లోపలి పొర తక్కువ పట్టాలి, ముడి బయట పడాలి. వెనుక గోడ అయ్యాక స్టెంట్ దించి, ఆ తర్వాతే ముందు గోడ.

నీడిల్ హోల్డర్:
పెల్విస్‌ను పైకి కట్టారా?

యూరో పీజీ:
లేదు సార్. పెల్విస్‌లో అట్టడుగు భాగానికి నాళం కొసను కలుపుతున్నాను. కట్టడం అంటే?

నీడిల్ హోల్డర్:
పొట్ట గోడ గుండా సూది దించి పెల్విస్‌ను వేలాడదీయాలి. మీ బాక్సులో మూతకు. రెండు చేతులూ ఖాళీ అవుతాయి.

లాప్ యూరో:
అట్టడుగు అన్నారు, దేనికి అడుగు? పేషెంట్ పక్కకు తిరిగి పడుకుంటాడు కాబట్టి తెరమీద కింద కనిపించేది మధ్యగీత వైపు భాగం. మనిషి నిలబడినప్పుడు మూత్రం చేరే చోటు కావాలి మనకు.

ఓపెన్ సర్జన్:
తెరను నమ్మొద్దనే నేనూ అంటాను. కోసే ముందే పెల్విస్ మీద ఆ చోట గుర్తు కుట్టు వేసుకోండి. అది పట్టు దారమో నైలానో అయితే చివర మర్చిపోకుండా తీసేయాలి. కరగని దారం మూత్రం తగిలే చోట ఉండిపోతే రాయి కడుతుంది.

పిల్లల యూరాలజీ:
స్టెంట్ గురించి నేనన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. తెల్లారి అసలు కేసులు చేసేది మీరే కదా.

యూరో పీజీ:
పెల్విస్‌ను మూతకు కట్టి, 5-0తో కొసలో రెండు కుట్లు వేశాను. స్టెంట్ దిగింది. ముందు గోడలో పై మూల ఇంకా ఊరుతోంది, అది రేపు చూస్తా. థాంక్స్ అందరికీ. సిస్టర్, ఆ రెండు రంగుల దారాలు ఒకే రకానివేనా?