ఆగస్టు 29 ప్రసంగానికి ఐర్లాండ్ ఫాదర్ పనికొస్తాడా?

బ్రాడీపేట బీఎడ్:
గుంటూరులో బీఎడ్ చదువుతున్నా. తెలుగు భాషా దినోత్సవానికి ఐదు నిమిషాలు మాట్లాడాలని మా మేడమ్ నన్ను అడక్కుండానే నా పేరు రాసేశారు. నాకు ముందు ముగ్గురు గిడుగు రామమూర్తి గారి మీదే మాట్లాడుతున్నారు, 1863లో పుట్టడం, సవర భాష, వాడుక భాష గొడవ అన్నీ వాళ్లే చెప్పేస్తే నాకు మిగిలేది మైకు ఒక్కటే. వేరే దేశంలో ఇలాంటి గొడవ పడ్డవాళ్లు ఎవరున్నారా అని వెతికితే ఐర్లాండ్‌లో ఫాదర్ పీటర్ ఓలియరీ అని ఒకాయన తగిలాడు. ఎవరైనా చదివారా? ఐదు నిమిషాల సరుకు ఉందా?

ఏలూరు రోడ్డు పాత పుస్తకాలు (బెజవాడ):
ఐదు నిమిషాలేంటి తమ్ముడూ, ఆపమని చీటీ పంపేదాకా మాట్లాడొచ్చు. 1839లో కార్క్ జిల్లా మక్రూమ్ దగ్గర పుట్టాడు, చిన్నప్పుడే బంగాళదుంప పంటకి తెగులొచ్చి మహా కరువు పడింది. 1915లో వచ్చిన ఆత్మకథలో దాని గురించి రాశాడు. ఒక కుటుంబంలో పిల్లలిద్దరూ పేదల్ని ఉంచే వర్క్‌హౌస్‌లో చచ్చిపోతే, మొగుడు పెళ్లాన్ని మోసుకుని ఊళ్లో ఖాళీ గుడిసెకి వచ్చేస్తాడు. మర్నాడు పొరుగువాడు వెళ్లి చూస్తే ఇద్దరూ పోయారు, ఆవిడ పాదాలు అతని గుండెల మీద ఉన్నాయి, వెచ్చబెడదామనుకున్నాడన్నమాట. ఒక్క బరువైన మాట లేదు అందులో, ఇంట్లో కూర్చుని చెప్పినట్టే ఉంటుంది.

ఇక గొడవ సంగతి. 1893లో డబ్లిన్‌లో ఐరిష్ భాష కోసం గేలిక్ లీగ్ అనే సంఘం పెట్టాక, ఐరిష్‌లో కొత్తగా రాయాలంటే ఎలా రాయాలి అన్న ప్రశ్న వచ్చింది. 17వ శతాబ్దపు రచయిత జెఫ్రీ కీటింగ్‌లా రాయాలని కొందరు పట్టుబట్టారు, మనకి చిన్నయసూరి లాగే అనుకో. ఈయనేమో జనం మాట్లాడేదే రాయాలన్నాడు. వాదించి ఊరుకోకుండా 1894 నుంచి పత్రికలో 'షేనా' అనే కథ మొదలెట్టాడు, పుస్తకంగా పూర్తిగా వచ్చింది 1904లో. చెప్పులు కుట్టేవాడు నల్లమనిషి, అంటే సైతాను, దగ్గర డబ్బు సంచి తీసుకుని పదమూడేళ్లకి అతని వెంట పోతానని ఒప్పుకుంటాడు, ఈ కథంతా పొయ్యి దగ్గర కూర్చున్న ఆడపిల్లలకి పెగ్ చెబుతుంటుంది, వాళ్లు మధ్యలో అడ్డం పడి ప్రశ్నలేస్తుంటారు. వాడుక భాషకి అంతకంటే రుజువేం కావాలి!

పలాస పిల్ల, ఇప్పుడు గుంటూరు:
బాగుంది గానీ ఒక ముక్క వదిలేశారు. ఆయన జనం భాష అంటే ఐర్లాండ్ దక్షిణాన మన్‌స్టర్ వైపు మాట, ఆయన ఇంటి మాట. పడమర కనాట్, ఉత్తరాన అల్‌స్టర్ వైపు వాళ్లకి అదీ కొత్త పాఠమే అయింది. ఇక్కడ కృష్ణా గుంటూరు మాట పుస్తకాల్లోకి ఎక్కి కూర్చోలేదూ? గిడుగు గారిదేమో మా శ్రీకాకుళం వైపు. హాస్టల్లో నేను నోరు తెరిస్తే చాలు, 'మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు' అని నవ్వేవాళ్లు. మీ ప్రసంగంలో అది కూడా చెప్పండి, చప్పట్లు కొట్టకపోయినా.

ఏలూరు రోడ్డు పాత పుస్తకాలు:
ఒప్పుకుంటున్నానమ్మా, నేను పుట్టిందే గన్నవరం పక్కన, నాకు అది తట్టనే లేదు.
తమ్ముడూ, ఇంకొకటి. ఓలియరీ పాదిరీ చదువులో ఉండగా ఒక వ్యాసానికి బహుమతి వస్తే, ఆర్చిబిషప్ మెక్‌హేల్ మెచ్చుకుంటూనే, అన్ని దేశాల సాహిత్యాన్నీ పొగిడావు, ఐర్లాండ్ సాహిత్యం గురించి ఒక్క ముక్క రాయలేదేం అన్నాడట. దాంతో తల తీసేసినట్టయిందని తనే చెప్పుకున్నాడు. చిన్నప్పట్నుంచీ ఐరిష్ మాట్లాడుతూ పెరిగిన మనిషి! అక్కడ మొదలెట్టు నువ్వు.

బ్రాడీపేట బీఎడ్:
థాంక్స్ అన్నా, అక్కా. మెక్‌హేల్‌తో మొదలెట్టి పెగ్ దగ్గరికి వస్తా. హాస్టల్ సంగతి చెప్పేటప్పుడు మా మేడమ్ మొహం చూడను, ఆవిడది తెనాలి.