అదే సాల్వెంట్, అదే మాలిక్యూల్, మరి రెసిమిక్ ఎన్‌ఎంఆర్ వేరేగ ఎందుకొస్తుంది?

జీడిమెట్ల_ల్యాబ్: అన్నలూ అక్కలూ, ఒక డౌట్. మా కాడ ఒక కైరల్ అమైడ్ చేస్తున్నం, అంటే కుడి ఎడమ చేతుల్లెక్క ఎస్, ఆర్ అని రెండు అద్దం రూపాలుండేది. ప్యూర్ ఎస్ ఐసోమర్‌ది డ్యూటరేటెడ్ క్లోరోఫామ్‌ల ఎన్‌ఎంఆర్ (మాలిక్యూల్‌ల హైడ్రోజన్లను పీకులుగ చూపే టెస్ట్) తీస్తే ఎన్‌హెచ్ పీక్ ఒక కాడ వచ్చింది, రెసిమిక్‌ది (ఎస్, ఆర్ సగం సగం ఉన్నది) అదే కాన్సన్‌ట్రేషన్‌ల తీస్తే పక్కకు జరిగింది, ఎస్ ఎక్కువ ఆర్ తక్కువ ఉన్న బ్యాచ్ తీస్తే రెండు పీకులైనయ్. ఇంప్యూరిటీలు చూసే హెచ్‌పీఎల్‌సీ టెస్ట్‌ల మాత్రం క్లీన్‌గ ఉంది. కైరల్ రియేజెంట్ ఏం కలపలే. ఎనాన్షియోమర్లకు (అద్దం రూపాలకు) స్పెక్ట్రమ్ ఒక్కతీరే వస్తదని కదా సదివింది?

తార్నాక_ఆర్గానిక్: ఇంప్యూరిటీ కాకపోవచ్చు తమ్ముడూ, మీ మాలిక్యూల్సే ఒకదాన్నొకటి గుర్తుపడుతున్నాయి. క్లోరోఫామ్‌లో అమైడ్లు విడివిడిగా ఉండవు, ఒకదాని ఎన్‌హెచ్ ఇంకోదాని కార్బొనైల్‌ని పట్టుకుని జంట కడుతుంది, క్షణంలో విడిపోయి మళ్ళీ వేరేదాన్ని పట్టుకుంటుంది. ఎస్-ఎస్ జంట, ఎస్-ఆర్ జంట డయాస్టీరియోమర్లు, అంటే ఒకదానికొకటి అద్దం రూపాలు కావు, షేప్ వేరు, ఎనర్జీ వేరు, షిఫ్ట్ (పీక్ వచ్చే చోటు) కూడా వేరు. మార్పిడి చాలా ఫాస్ట్ కాబట్టి మనకి కనిపించేది యావరేజే. 75:25 శాంపిల్‌లో ఎస్‌కి ఎక్కువగా తగిలేది తనలాంటిదే, ఆర్‌కి ఎక్కువగా తగిలేది ఎదుటిదే, అందుకే రెండు యావరేజ్‌లు, రెండు పీకులు. 50:50లో ఇద్దరికీ ఒకటే పరిస్థితి, పీక్ ఒక్కటే, కానీ ప్యూర్ దానికంటే వేరే చోట. 1969లో డైహైడ్రోక్వినైన్ అనే కాంపౌండ్‌లో సరిగ్గా ఇదే చూసి రిపోర్ట్ చేశారు, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం అది.

క్యూసీ_అక్క: కన్ఫర్మ్ చేసుకోవడం ఈజీ. బాగా డైల్యూట్ చెయ్, లేదా డీఎంఎస్‌ఓ అనే సాల్వెంట్‌లో తియ్, అది వచ్చి హైడ్రోజన్ బాండ్ తనే పట్టేసుకుంటుంది కాబట్టి జంటలు కట్టవు, పీకులు కలిసిపోతాయి. కలవకపోతే అప్పుడు ఇంప్యూరిటీ వెతుకు. కలిస్తే మాత్రం క్లోరోఫామ్ స్పెక్ట్రమ్‌లో ఆ రెండు పీకుల ఇంటిగ్రేషన్ 3:1 ఉంటే ఈఈ (ఒక రూపం రెండోదానికంటే ఎంత శాతం ఎక్కువుందో) 50 శాతమని, ఎస్, ఆర్‌లను విడదీసే కైరల్ కాలమ్ లేకుండానే తెలిసిపోతుంది.

నాచారం_ప్రాసెస్: ఇంకోటి, ఇది ముఖ్యం. ఇట్ల జంటలు కట్టే కాంపౌండ్‌ని ప్యూరిఫై చెయ్యనీకి మామూలు సిలికా కాలమ్ మీద వేస్తే ముందు ఫ్రాక్షన్ల ఈఈ ఒకటి, ఎనక ఫ్రాక్షన్ల ఇంకోటి రావచ్చు, అది రెసిమిక్ కాని శాంపిల్‌లనే అయితది. అందుకే ఫ్రాక్షన్లన్నీ కలిపినంకనే ఈఈ చూడు. రొటేషన్‌ని (పోలరైజ్డ్ లైట్‌ను ఎంత తిప్పుతదో ఆ కొలతని) కూడా నమ్మకు, ఈఈతో సమానంగ పెరగకపోవచ్చు, హోరో అనే కెమిస్ట్ 1969లనే చూపించిండు.

జీడిమెట్ల_ల్యాబ్: థాంక్యూ అక్కా, అన్నా. ఫ్రాక్షన్లు నడిమియే తీసుకుంటున్నం మేము, రేపే మా సార్‌కు చెప్త. డీఎంఎస్‌ఓల తీసి ఇక్కడనే పెడ్త.